పుర్రచేతి మేస్త్రీ మేడమీది వాటా

గేటు పక్కన ప్రహరీగోడకు ఆనించి ఒక పెద్ద టైలు నిలబెట్టి ఉండేది. ఏదో ఇంటి పనిలో మిగిలిపోయినది. దాని మీద నల్లరంగుతో మేస్త్రీ తానే రాసుకున్నాడు: "మేడ మీద వాటా అద్దెకు ఇవ్వబడును. నేరుగా ఇంటాయనతోనే మాట్లాడవలెను. బ్రోకర్లు రావద్దు." అక్షరాలన్నీ ఎవరో గాలి ఊదినట్టు వెనక్కి వాలి ఉండేవి. ఆ వీధిలో ఎవరిని అడిగినా అది ఎవరి చేతిరాతో ఇట్టే చెప్పేస్తారు. ఎడమచేత్తో తాపీ పట్టినవాడు ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. అందరికీ ఆయన పుర్రచేతి మేస్త్రీ.

ఆయన అక్కడ స్థలం కొన్ననాడు బస్సు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయేది. అక్కడినుంచి చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి రావాలి. ఇప్పుడు వీధి మొదట్లో మందుల షాపు, దాని మీద ట్యూషన్ సెంటరు, ఎదురుగా కార్లు కడిగే చోటు. చుట్టూ లేచిన మేడలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటి మధ్య మేస్త్రీ ఇల్లు పాతకాలపు కోటు వేసుకుని పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా కాస్త వేరుగా, కాస్త బిగుసుకుని నిలబడి ఉండేది.

మేడ మీద ఆయనా, భార్యా కాపురమున్నారు. కూతురు అక్కడే పెరిగింది. కింద ఒక గదినిండా పారలు, తట్టలు, పరంజా కట్టే సారువ కర్రలు. భార్య పోయాక మేస్త్రీ కొన్నాళ్ళు ఒక్కడే మేడ మీద వండుకు తిన్నాడు. ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. కూతురు పట్టుబట్టి కింది గది ఖాళీ చేయించి, మంచం వేయించి, మేడకి తాళం పెట్టింది. ఖాళీగా వదిలేస్తే ఇంటికి ఏమవుతుందో మేస్త్రీకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కుళాయిలు బిగుసుకుపోతాయి, తలుపులు ఉబ్బుతాయి, తూములోంచి వాసన పైకి లేస్తుంది. మనుషులు మసలితేనే ఇల్లు నిలుస్తుంది. అందుకే అద్దెకివ్వడానికి ఒప్పుకున్నాడు. కాకపోతే ఆమె వదిలి వెళ్ళిన ఇల్లు ఆమె వదిలినట్టే ఉండాలి. అదొక్కటే ఆయన పట్టు.

కూతురు కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. సాయంత్రం తన ఇంటికెళ్తూ స్కూటరు గేటు ముందు ఆపి, హెల్మెట్ తియ్యకుండానే మొదలుపెట్టేది.

"నాన్నా, నీ టైలు మీద కాకులు వాలుతున్నాయి గానీ మనుషులు వాలట్లేదు."

"బ్రోకర్లు రావద్దని రాశాను. కాకుల సంగతి రాయడం మర్చిపోయాను."

"జోకులకేం తక్కువ లేదు. వానలు మొదలయ్యేలోపు నువ్వు ఎవరినైనా చూసుకుంటే సరే. లేదంటే బ్రోకరు చేతికి తాళం ఇచ్చేస్తాను. మళ్ళీ నన్ననకూడదు."

బ్రోకరు అప్పటికే ఒకసారి వచ్చి చూసిపోయాడు. తలుపులన్నీ ఊడబీకి తిప్పి బిగించాలన్నాడు. వంటిల్లు మొత్తం పగలగొట్టి కొత్త మోడల్ పెడితే జనం ఎగబడతారన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ మేస్త్రీకి అన్నం సహించలేదు.

వచ్చినవాళ్ళు లేకపోలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. డ్రైవింగ్ స్కూల్లో పనిచేసే ఒకాయన వచ్చి, చీకటి గదిలోకి అడుగుపెట్టి, స్విచ్చు కోసం కుడిపక్క గోడని పసిపిల్లని జోకొట్టినట్టు తట్టి తట్టి అలసిపోయాడు. స్విచ్చు ఎడమపక్కన ఉంది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. ఆ అమ్మాయి స్నానాలగది తలుపు తనకు అలవాటైన వైపుకి లాగబోతే అది రాలేదు. తోస్తే అవతల నిలబడిన మొగుడి ముక్కుకి తగిలింది.

"ఇల్లు గట్టిగానే ఉందండీ. కానీ ఎవరో తిరగేసినట్టుంది," అన్నాడతను ముక్కు నిమురుకుంటూ.

"ఇల్లు సరిగ్గానే ఉంది నాయనా. మీరే తిరగేసి ఉన్నారు," అన్నాడు మేస్త్రీ.

వీధిలో ఆ ఇంటి మీద ఒక హాస్యం ఉండేది. అందులో దొంగ దూరినా తలుపు ఎటు తీయాలో తెలీక తెల్లారేదాకా లోపలే ఉండిపోతాడని. ఆ మాట మొదట అన్నది మేస్త్రీ భార్యే.

ఇల్లు అలా ఉండటానికి కారణం ఉంది. పనిలో చేరిన కొత్తల్లో, తాపీ ఎడమచేత్తో పట్టుకున్నందుకు పెద్దమేస్త్రీ వేళ్ళ మీద చెక్కతో కొట్టేవాడు. "ఆ చేత్తో పట్టావంటే విరిచి పొయ్యిలో పెడతాను," అనేవాడు. ఇతను కుడిచేత్తో పట్టేవాడు. సిమెంటు మాలు కాస్తా గోడకి అంటకుండా కాళ్ళ మీద పడేది. మళ్ళీ దెబ్బలు. అలా ఉండగా ఒక మెట్లగదిలో కుడిపక్క ఇరుకు మూల వచ్చింది. అక్కడ కుడిచేతివాళ్ళకి మోచెయ్యి ఆడదు. ఎంతటి పనివాడైనా ఒళ్ళు మెలికలు తిప్పుకోవాల్సిందే. పెద్దమేస్త్రీ భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఇతను ఎడమచేత్తో ఆ మూల అద్దంలా తీసి పెట్టాడు. పెద్దమేస్త్రీ గుండు కట్టిన దారం వేలాడదీసి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. మర్నాటి నుంచి ఎక్కడ అలాంటి మూల ఉన్నా, "ఆ పుర్రచేతివాణ్ణి పిలవండ్రా," అనే కేక వినపడేది. ఆ కేకే పేరైపోయింది.

ఆ తర్వాత ఆయన ఎన్నో ఇళ్ళు కట్టాడు. అన్నీ కుడిచేతివాళ్ళ ఇళ్ళే. వాళ్ళ తలుపులు, వాళ్ళ అరలు, వాళ్ళ మెట్ల కడ్డీలు. ఒకరి చెప్పులు వేసుకుని జీవితమంతా నడిచినట్టుండేది ఆయనకి. "ఒక్క ఇల్లయినా నా చేతికి కట్టుకుంటాను. ఒక్కటి," అనేవాడు భార్యతో.

కట్టుకున్నాడు. పగలు ఊరివాళ్ళ పని, పొద్దు వాలాక సొంత పని. ఆమె ఇసుక జల్లించేది, ఇటుకలు తడిపేది, ఆయన కుడిపక్కన నిలబడి ఒక్కొక్కటీ అందించేది. మిగతా కూలీలు ఎడమ నుంచి అందిస్తే ఆయన చిరాకు పడేవాడు. ఆమె ఒక్కతే సరైన పక్కన నిలబడేది. పిల్ల అవతల ఇసుక కుప్పలో ఆడుకునేది, అక్కడే నిద్రపోయేది. గోడ నడుము ఎత్తు లేచిన రోజు, ఇంకా పైకప్పు లేని గదిలో కూర్చుని ముగ్గురూ టీ తాగారు. "ఇది వరండా, ఇది పడగ్గది," అని ఆయన గాలిలోకి చెయ్యి చూపిస్తుంటే, "మరి నేను ఎక్కడ కూర్చున్నాను?" అని అడిగింది ఆమె. "నువ్వు కూర్చున్నది గోడ మీద. లే, తడి ఆరలేదు," అన్నాడాయన.

గోడకి మేకు కొడతానంటే ఒప్పుకునేవాడు కాదు. నున్నగా తీసిన పూతలో మేకు దిగడమంటే ఆయన ఒంట్లో దిగినట్టే. ఆమె తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "ఓనరుగారూ, కాలెండరు తగిలించుకోవాలండీ, తమరు దయచూపాలి," అనేది. పిల్ల కిసుక్కున నవ్వేది. చివరికి కాలెండరు బీరువా తలుపుకి వేలాడింది.

వంటగట్టు మాత్రం ఆయన పనితనంలో తలమానికం. ఆమెను నిలబెట్టి ఎత్తు కొలిచి కట్టాడు. స్టవ్వు గట్టు మీద పెడితే గిన్నె మూతి భుజాల దాకా వస్తుందని, గట్టు కుడి కొసన, గోడ పక్కగా, కొంత మేర కిందికి దించి స్టవ్వు కూర్చోవడానికి చోటు పోశాడు. పొగ పోవడానికి సరిగ్గా దాని మీదే కన్నం విడిచాడు. మిగతా గట్టంతా ఎడమవైపు ఖాళీ. తరుగుకోవడానికి, సర్దుకోవడానికి కావలసినంత చోటు. అంత చక్కటి వంటగట్టు ఆ పేటలోనే లేదని తోటి మేస్త్రీలు వచ్చి చూసి వెళ్ళారు.

ఇంత బాగున్న వంటింట్లోనూ ఒక మచ్చ వచ్చేది.

స్టవ్వు పక్కన కుడి గోడ మీద, అరచేయంత మేర, నల్లగా, జిడ్డుగా. పూత అక్కడ మెత్తబడి పొడి రాలేది. మేస్త్రీ ఉలితో గీకేసి, కొత్తగా మాలు పెట్టి, సున్నం వేసేవాడు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అక్కడే, అంతే. మొదట ఇసుకలో ఉప్పుందన్నాడు. ఇంకో ఏడు పైకప్పు నుంచి తేమ దిగుతోందన్నాడు. డాబా ఎక్కి చూస్తే చుక్క చెమ్మ లేదు. ఆ పైన ఆవిరన్నాడు, పొగ అన్నాడు. కన్నం పెద్దది చేశాడు. అయినా మచ్చ రావడం మానలేదు. ఊరందరి గోడలకీ మందు చెప్పే మనిషికి సొంత గోడ జబ్బు అంతు చిక్కలేదు. "ఇదేదో నామీద కక్షగట్టింది," అనేవాడు. ఆమె నవ్వేది.

మరమ్మతు చేసే ఆ కొద్ది రోజులూ వంటిల్లు మూతపడేది. పూత ఆరేదాకా డాబా మీద కిరసనాయిలు స్టవ్వు పెట్టి వండేవాళ్ళు. గాలికి మంట అటూ ఇటూ పోతుంటే పిల్ల అట్టముక్క అడ్డం పెట్టి కూర్చునేది. కూర సగం ఉడికేది, సగం మాడేది. ఆ మాడు కూర కోసం తండ్రీ కూతురూ పోట్లాడుకునేవాళ్ళు. ఏడాదికోసారి వచ్చే ఆ హడావిడి ముగిసి మళ్ళీ వంటింట్లోకి దిగినప్పుడు అందరికీ కొంచెం చప్పగా ఉండేది.

ఆమె పోవడానికి కొద్ది నెలల ముందు ఆయన కొత్త పాళ్ళలో మాలు కలిపి చూశాడు. సన్నటి ఇసుక కడిగి ఆరబెట్టి, సున్నం నానబెట్టి, మాలు అంగుళం అంగుళం ఒత్తి పెట్టాడు. ఆ తర్వాత మచ్చ రాలేదు. ఆమె పోయాక మేస్త్రీ ఆ వంటింట్లో తానే వండుకునేవాడు. ఎడమచేత్తో గరిటె తిప్పుతుంటే చెయ్యి ఎంత హాయిగా ఆడేదో. 'ఇన్నేళ్ళూ ఆమెకి ఎంత సుఖంగా ఉండి ఉంటుంది,' అనుకునేవాడు. దుఃఖంలోనూ ఆ మాట ఆయనకు కొంచెం తోడుగా ఉండేది. గోడ కూడా పాలలా తెల్లగా నిలిచింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గోడ చూపించి, జబ్బు ఎలా కుదిర్చాడో చెప్పేవాడు.

ఆకాశం మబ్బు పట్టడం మొదలైన రోజుల్లో ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురు ఆసుపత్రి క్యాంటీనులో వంటమనిషి. నలభై దాటి ఉంటాయి. చేతుల మీద నూనె చిటపటలాడిన మచ్చలు. తల్లి బక్కపలచటి మనిషి, నోరు మాత్రం బలమైనది. ఇప్పుడుంటున్న ఇల్లు అమ్మేస్తున్నారట. క్యాంటీను ఇక్కడికి నడిచిపోయే దూరం.

"బ్రోకర్లు రావద్దని ఉంటే ధైర్యం వచ్చింది బాబాయ్," అంది వంటమనిషి. "వాళ్ళు చూపించే ఇళ్ళల్లో వంటింట్లోకి మనిషి వెళ్తే గిన్నె బయట ఉండాలి, గిన్నె వెళ్తే మనిషి బయట ఉండాలి."

మేస్త్రీకి ఆ మాట నచ్చింది. మెట్లు ఎక్కకూడదని కూతురు పెట్టిన ఆంక్ష ఎప్పట్లాగే పక్కనపెట్టి, తాళంచెవి తీసుకుని తానే ముందు నడిచాడు. మెట్టు మెట్టుకీ ఒక షరతు చెప్పాడు. మేకులు కొట్టకూడదు. తలుపుల జోలికి వెళ్ళకూడదు. స్విచ్చులు మార్చకూడదు. వంటగట్టు మీద సుత్తి పడకూడదు.

"ఊపిరి ఏ ముక్కుతో పీల్చుకోవాలో కూడా చెప్పండి అన్నయ్యగారూ, అలాగే పీల్చుకుంటాం," అంది తల్లి వెనకనుంచి.

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

వాళ్ళకి ఇల్లు నచ్చింది. స్విచ్చు కోసం వంటమనిషి ఒకసారి తడుముకుని, నవ్వేసి, రెండోసారి సరిగ్గా నొక్కింది. తల్లి ప్రతి తలుపూ తీసి, వేసి, తీసి చూసి, "బాగానే ఉన్నాయి, కాస్త పెంకివి, అంతే," అంది. మేస్త్రీకి ఆశ పుట్టింది. వంటింట్లోకి తీసుకెళ్ళి గట్టు చూపించాడు. దించి కట్టిన స్టవ్వు చోటు చూసి వంటమనిషి కళ్ళు పెద్దవి చేసింది.

"అబ్బ! మా క్యాంటీనులో ఇలా ఉంటే నా భుజాలు ఇలా అయ్యేవా?"

మేస్త్రీ గోడ కథ మొదలుపెట్టాడు. ఉప్పు, తేమ, ఆవిరి, చివరికి కొత్త పాళ్ళు. ఆయన చెబుతూ ఉండగానే ఆమె స్టవ్వు ముందు నిలబడి, లేని గిన్నెలో లేని గరిటె పెట్టి కలియతిప్పింది. పెద్ద గిన్నెలు కలిపి కలిపి అలవాటైన చెయ్యి. ఒక్క తిప్పుకే మోచెయ్యి వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"ఇక్కడ గోడ తగులుతోంది బాబాయ్."

"తగలదమ్మాయ్. దగ్గరగా నిలబడ్డావు నువ్వు. ఇలా చూడు." ఆయన ముందుకొచ్చి ఎడమచేత్తో తిప్పి చూపించాడు.

ఆమె నవ్వింది. "నీకెందుకు తగులుతుంది? నీది పుర్రచెయ్యి. ఈ స్టవ్వు చోటు ఒక చేతిబార ఎడంగా జరిపిస్తే మేము రేపే సామాను తెచ్చేసుకుంటాం. లేకపోతే కష్టం బాబాయ్. రోజంతా గరిటె తిప్పే చెయ్యి ఇది, ఇంటికొచ్చి కూడా దెబ్బలు తినలేదు."

"గట్టు మీద సుత్తి..." అని మొదలుపెట్టాడు మేస్త్రీ.

"మెల్లగా తిప్పవే! ఆయన ఇంత కష్టపడి బాగుచేసుకున్న గోడని మళ్ళీ పాడుచేసేట్టున్నావు," అంది తల్లి.

మేస్త్రీ మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన చూపు వంటమనిషి మోచేతి మీద పడింది. అది ఆనిన చోటు మీద పడింది. ఆ మచ్చ ఎంత ఎత్తున వచ్చేదో, మూలకి ఎంత దూరంలో ఉండేదో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

"ఇంకోసారి తిప్పు."

"ఏంటి?"

"గరిటె. ఇంకోసారి తిప్పు తల్లీ."

వంటమనిషి తన తల్లి వైపు చూసి, తిప్పింది.

"నువ్వు కొంచెం పొడుగు. కాస్త మోకాళ్ళు వంచు. ఆఁ. ఇప్పుడు తిప్పు."

మోచెయ్యి తిన్నగా వెళ్ళి అక్కడే ఆనింది.

మేస్త్రీ గట్టు పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి, "రేపు రండమ్మా," అన్నాడు. గేటు దాటుతూ తల్లి అంటున్న మాటలు పైకి వినిపించాయి. "ఇస్తాడో ఇవ్వడో చెప్పలేదు, ఊరికే గరిటె తిప్పించుకుని పంపించేశాడేంటే ఈ మనిషి!"

సాయంత్రం కూతురు వచ్చేసరికి కింది గదిలో తండ్రి లేడు. పైకి పరుగెత్తింది. ఆయన వంటింట్లో నేల మీద, ఆ గోడకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"మెట్లెందుకు ఎక్కావు? చెబితే వినవా?"

"అమ్మకి ఇక్కడ మోచెయ్యి తగిలేదా?"

కూతురు హెల్మెట్ గట్టు మీద పెట్టింది.

"తగిలేది నాన్నా."

"నీకు తెలుసా?"

"తెలుసు. అమ్మ రోజూ స్నానం చేశాక, గోడకి కొట్టుకుని కందిన మోచేతికి నూనె రాసుకునేది. ఆ జిడ్డే గోడకి అంటేది."

"ఉప్పన్నాను, తేమన్నాను, డాబా అంతా తవ్వబోయాను! ఒక్కరూ నోరు విప్పలేదే!" ఆయన గొంతు లేచింది. "ఎత్తు కొలిచాను. ఆమెను నిలబెట్టి కొలిచాను. చెయ్యి ఏదని అడగలేదు. ఇటుక అందించినన్నాళ్ళూ పక్కనే ఉంది కదా ఆ చెయ్యి!"

కూతురు ఆయన పక్కనే చతికిలబడింది.

"నేను చెప్పబోయాను ఒకసారి. నువ్వు మాలు కలుపుకుంటున్నావు. అమ్మ నాకు కళ్ళతో సైగ చేసింది. తర్వాత ఇక్కడే, ఈ గుమ్మంలోనే అడిగాను, నాన్నకి చెబితే గట్టు మార్చేస్తాడు కదా అని. ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"'ఏడాది పొడుగునా ఊరివాళ్ళ ఇళ్ళల్లో ఉంటాడు మీ నాన్న. ఈ మచ్చ పుణ్యమా అని నాలుగు రోజులు మనింట్లో ఉంటున్నాడు. దీన్ని కూడా బాగుచేయించేస్తావా, నీకేం తిక్కా?' అంది."

మేస్త్రీ నవ్వబోయాడు. నవ్వు సగంలో దారి తప్పింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. వీధిలో కారు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"డాబా మీద వండేవాళ్ళం కదా, గుర్తుందా?" అన్నాడు తువ్వాలు తీసి.

"మాడిన ముక్కలన్నీ నువ్వే తినేసేవాడివి."

"అబద్ధం. నీకే పెట్టేవాణ్ణి."

"అమ్మ ఉంటే చెప్పేది ఎవరిది అబద్ధమో."

ఇద్దరూ ఆ గోడనే చూస్తూ కూర్చున్నారు. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. ఆమె ఆ ఇంట్లో విడిచిన ఒక్క గుర్తునీ ఏటికేడు ఆయనే తన చేత్తో గీకేశాడు, మంచి పనివాడు కాబట్టి జాడ కూడా మిగల్చలేదు. మిగిలినదల్లా ఆమెకి ఇరుకైన గట్టు. దాన్ని ఆమె గుర్తుగా కాపాడుకుంటూ, వచ్చినవాళ్ళందరినీ ఆయన పంపించేశాడు.

"ఆ వంటమనిషి ఫోన్ నంబరు ఉందా?" అని అడిగింది కూతురు.

"రేపు రమ్మన్నాను. వస్తుందో రాదో. వాళ్ళమ్మ నన్ను పిచ్చివాణ్ణనుకుంది."

"తప్పేమనుకుంది!"

వాళ్ళు వచ్చారు. తల్లి గేటు దగ్గరే, "ఇవాళ ఏం తిప్పాలి అన్నయ్యగారూ?" అని అడిగింది. మేస్త్రీ వంటమనిషిని స్టవ్వు ముందు నిలబెట్టాడు. ఈసారి ఎత్తు మొదట కొలవలేదు. అడగడం మొదలుపెట్టాడు. ఏ చేత్తో తరుగుతావు? తరిగినవి ఎటు తోస్తావు? గిన్నె దించి ఎక్కడ పెడతావు? ఉప్పుడబ్బా ఏ చేతికి అందాలి? తోమేటప్పుడు గిన్నె ఏ చేత్తో పట్టుకుంటావు?

"ఇన్ని అడిగే ఓనరుని నేనెక్కడా చూడలేదు," అంది ఆమె.

"ఓనరు కాదమ్మా అడుగుతున్నది. మేస్త్రీ."

అద్దె సంగతి కూతురు మాట్లాడింది. అది మాట్లాడటం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. పాత గట్టు పగలగొట్టడానికి పక్కవీధి కూలీని పిలిచారు గానీ మొదటి దెబ్బ మేస్త్రీయే వేశాడు. కూలీ సుత్తి ఎత్తబోతే ఆపి, తానే రెండు చేతులా ఎత్తి కొట్టాడు. గట్టు కదల్లేదు. అంత గట్టిగా కట్టాడు మరి. కూలీ వంక చూసి, "చూశావా?" అన్నాడు, ఆ క్షణంలో కూడా కాస్త గర్వంగానే.

కొత్తది కట్టడం ఆయన అనుకున్నంత తేలిక కాలేదు. కుడిచేతి వాళ్ళకి జీవితమంతా కట్టాడు గానీ ఈ గదిలో ఆయన చెయ్యి పాత దారే పట్టేది. సుద్దతో గీత గీసి, దూరం జరిగి చూసి, "ఛ, మళ్ళీ నా వైపే గీశాను," అని చెరిపేసేవాడు. తాపీ ఆయన ఎడమచేతికే ఆడేది, ఆలోచన మాత్రం అవతలి చేతితో చెయ్యాల్సి వచ్చేది. సందేహం వచ్చినప్పుడల్లా స్టూలు మీద కూర్చుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో ఉత్తుత్తి గరిటె తిప్పి చూసుకునేవాడు. మోచెయ్యి గాల్లో ఎంత మేర తిరుగుతుందో చూసుకుని, ఇంకో ఇటుక వదిలి గీత గీసేవాడు. ఒక మధ్యాహ్నం కూతురు గుమ్మంలోంచి అది చూసి, చప్పుడు చెయ్యకుండా కిందికి దిగిపోయింది.

స్టవ్వు చోటు గోడకి చేతిబార ఎడంగా వచ్చింది. పాత చోటు తీసేసిన ఖాళీలో వెడల్పాటి అర వచ్చింది. పొగ కన్నం పాతది మూసి కొత్తది తీశారు. మచ్చ వచ్చే ఆ కుడి గోడ జోలికి మాత్రం ఆయన వెళ్ళలేదు.

పూత ఇంకా ఆరకముందే వానలు పట్టుకున్నాయి. సామానుతో వచ్చిన తల్లీ కూతుళ్ళకి వరండాలో స్టవ్వు పెట్టుకోవాల్సి వచ్చింది. తల్లికి ఇల్లు సొంతమైపోయినట్టుంది. గొడుగు కూడా లేకుండా మెట్ల మీదికి వచ్చి, కింద వాకిట్లో పనిముట్లు కడుక్కుంటున్న మేస్త్రీని కేకేసింది.

"అన్నయ్యగారూ! ఆ స్నానాలగది తలుపు సంగతి కూడా ఒకటి అడగాలి!"

"అడగండమ్మా."

"అది అటు తెరుచుకుంటే నా నెత్తికి తగులుతోంది. ఇటు తిప్పితే పోదూ?"

"పోతుంది."

"మరి రేపు తిప్పేస్తారా?"

మేస్త్రీ తాపీ అంచున పట్టిన సిమెంటు బొటనవేలితో గీకి, నీళ్ళలో ముంచి, తలెత్తి చూశాడు.

"ముందు గట్టు ఆరనివ్వు చెల్లెమ్మా. తలుపు ఎక్కడికీ పోదు. ఈలోగా అది ఇంకా ఎవరెవరి నెత్తికి తగులుతోందో చూసి చెప్పు, అన్నీ ఒకేసారి చూస్తాను."